ఆ బండి ఇన్నాళ్లూ ఏం పని చేసింది?



ఈ పూట పాత ట్రాక్టరు కొనడం గురించి మాట్లాడుకుందాం. రెండెకరాలో మూడెకరాలో, మహా అయితే అయిదెకరాలో కూరగాయలు పండించే వాళ్ల కోసం ఈ మాటలు. ఒక మడిలో టమాటా, పక్కన వంగ, ఆ వైపు బీర పందిరి, గట్టు దగ్గర కొత్తిమీర. అలాంటి చేనికి ఎలాంటి బండి సరిపోతుంది? చేతిలో డబ్బు తక్కువ ఉన్నప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దాన్ని ఎలా చూసి తీసుకోవాలి?

కూరగాయల రైతుకు సొంత బండి మీదికి మనసు ఎందుకు పోతుందో మీకు తెలుసు. వరి రైతుకు దమ్ము పని ఒక్కసారే వస్తుంది. అద్దె బండి వచ్చి నాలుగెకరాలు ఒకే ఊపులో దున్ని వెళ్లిపోతుంది. మన పని అలా ఒక్కసారిగా రాదు. ఈ వారం పది గుంటల్లో టమాటా కాపు అయిపోయింది, ఆ మోళ్లు దున్నెయ్యాలి. ఇంకో ఇరవై రోజులకు మరో మూల బెడ్లు వేయాలి. అద్దె బండి అతనికి ఫోన్ చేస్తే ఏమంటాడు? "పది గుంటల కోసం అంత దూరం ఎవరొస్తారన్నా, చుట్టుపక్కల ఇంకో రెండెకరాలు మాట్లాడి పెట్టు, వస్తా" అంటాడు. అతన్నీ తప్పుపట్టలేం, డీజిలు అతనిది. కానీ నర్సరీలో నారు ముదురుతుంటుంది. వాన పడిన పదును రెండు రోజుల్లో ఆరిపోతుంది.

అందుకని మనకు కావలసింది పెద్ద బలమున్న బండి అని మొదలుపెట్టొద్దు. కావలసిన రోజున స్టార్టయ్యే బండి కావాలి. చిన్న పనికి, తరచు పనికి, పిలిచిన పూటే చేనులోకి దిగే బండి కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి.

ముందు ఒక లెక్క వేసుకోండి. పోయిన ఏడాది అద్దె బండికి ఎన్ని గంటలకు డబ్బు కట్టారు? ఉదాహరణకు నలభై గంటలు అనుకుందాం, గంటకు వెయ్యి రూపాయలు అనుకుందాం. నలభై వేలయింది. ఇప్పుడు రెండున్నర లక్షలు పెట్టి పాత బండి కొన్నారనుకోండి. ఆ డబ్బు మీద వడ్డీ, ఏడాదిలో ఎలాగూ వచ్చే రిపేరు, డీజిలు కలిపి చూస్తే నలభై వేలు దాటిపోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి డబ్బు మిగులుతుందని కొనకండి. పని వేళకు జరుగుతుందని కొనండి. వేళకు నాటిన టమాటాకు వచ్చే ధర, పది రోజులు ఆలస్యంగా నాటిన దానికి రాదని మదనపల్లె మార్కెట్టుకు పోయే రైతును అడిగితే చెప్తాడు.

మీది రెండెకరాల లోపే అయితే నా సలహా వేరు. ఒక పవర్ వీడర్ కొనుక్కుని, పెద్ద దుక్కికి అద్దె బండినే పిలవండి. లేదా పక్క చేను వాళ్లతో కలిసి పొత్తుగా బండి తీసుకోండి. పొత్తు అయితే డీజిలు ఎవరిది, రిపేరు ఎవరిది అనేది కొనకముందే కాగితం మీద పెట్టుకోండి. అన్నదమ్ములైనా సరే.

సరే, కొనాలనే తేల్చుకున్నారు. ఎంత బండి?

యార్డుకు వెళ్లే ముందు టేపు తీసుకుని మీ చేనులోకి వెళ్లండి. బెడ్డు నడుమ నుంచి పక్క బెడ్డు నడుమకు ఎంత దూరం ఉందో కొలవండి. డ్రిప్పు, మల్చింగు వేసే చాలా చేలల్లో ఇది నాలుగు అడుగుల దగ్గర ఉంటుంది. బెడ్ల మధ్య కాలువ అడుగు, అడుగున్నర. ఇప్పుడు 35, 40 హెచ్‌పీ ట్రాక్టరు వెనక చక్రం చూడండి. టైరు వెడల్పే అడుగు దాటుతుంది. బండి మొత్తం వెడల్పు అయిదున్నర అడుగుల దగ్గర. అది పంట ఉన్న చేనులో దిగితే ఒక పక్క చక్రం కాలువలో ఉంటుంది, రెండో చక్రం పక్క బెడ్డు మీద ఎక్కుతుంది. అంటే ఆ బండి మీకు పంట లేనప్పుడే పనికొస్తుంది.

ఇక 15 నుంచి 25 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్లు. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 ఒకే సిలిండరు ఇంజిన్లు, 15 హెచ్‌పీ. వీఎస్టీ శక్తి, కుబోటా కంపెనీల చిన్న బండ్లు కూడా మన దగ్గర తిరుగుతున్నాయి. వీటి వెనక టైరు ఎనిమిది అంగుళాలు ఉంటుంది, అటూ ఇటూగా. బరువు చూస్తే చిన్న బండి ఎనిమిది వందల కిలోలైతే, నలభై హెచ్‌పీ బండి రెండు టన్నులకు చేరువలో ఉంటుంది. అంత బరువు తడి నేల మీద పదే పదే తిరిగితే అడుగున నేల బిగుసుకుపోతుంది. కూరగాయల వేళ్లకు అది మంచిది కాదు. పందిరి ఉన్న చేనైతే ఇంకొకటి చూడండి. సైలెన్సరు నిలువుగా పైకి ఉందా, పక్కకు కిందికి ఉందా? పైకి ఉంటే బీర తీగలు కాల్చుకుంటూ పోతుంది.

చిన్న బండికి లోటు లేదని కాదు. నల్లరేగడిలో వేసవి లోతు దుక్కి దానివల్ల కాదు. పెంట ట్రక్కు నిండా వేసి గట్టు ఎక్కించమంటే మూలుగుతుంది. అయినా నా ఓటు చిన్న బండికే. ఏడాదికోసారి లోతు దుక్కికి పెద్ద బండిని అద్దెకు పిలవచ్చు. మిగతా మూడు వందల అరవై రోజులు మీ బెడ్ల మధ్య తిరిగేది మీ బండి. నాలుగైదెకరాలు రేగడి ఉండి, సొంత ట్రక్కులో సరుకు మార్కెట్టుకు తోలే వాళ్లయితే 30, 35 హెచ్‌పీ వైపు చూడండి. అంతకు మించి వద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

యార్డులో నిలబడగానే అందరం ఒకే ప్రశ్న అడుగుతాం. "ఏ సంవత్సరం మోడలన్నా?" అమ్మే ఆయన సంవత్సరం చెప్తాడు. మనం తల ఊపుతాం. నేను చెప్పేదేమంటే ఆ ప్రశ్నను రెండోదిగా పెట్టండి. మొదటి ప్రశ్న ఇది. ఈ బండి ఇన్నాళ్లూ ఏం పని చేసింది? మళ్లీ చెప్తున్నాను. ఏ ఏడాది బండి అని తర్వాత అడగండి, ఏం పని చేసిన బండి అని ముందు అడగండి.

మన పెద్దలు సంతలో ఎడ్లను కొనేటప్పుడు పళ్లు చూసేవారు, దానితోనే సరిపెట్టేవారు కాదు. మెడ మీద చెయ్యి వేసి కాడి కాయ చూసేవారు. ఎంత లాగిందో, ఎటు వైపు లాగిందో ఆ కాయ చెప్పేది. ట్రాక్టరు మీద కూడా అలాంటి గుర్తులు ఉంటాయి. చూసే కన్ను కావాలంతే.

రోడ్డు మీద ఇసుక, ఇటుక తోలిన బండి అనుకోండి. వెనక వైపు ట్రక్కు తగిలించే కొక్కెం దగ్గర చూడండి. ఆ పిన్ను పట్టే రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయి ఉంటుంది. వెనక టైర్ల గట్లు మధ్యలో చదునుగా అరిగి ఉంటాయి. బ్రేకు పెడలు రబ్బరు నున్నగా ఉంటుంది. అలాంటి బండి ఇంజిను బాగానే ఉండొచ్చు, కానీ మోయలేని బరువు మోసి గేరుబాక్సు, వెనక ఇరుసు బేరింగులు అలిసిపోయి ఉంటాయి. టాప్ గేరులో నడుపుతూ వెనక నుంచి ఊళ శబ్దం వస్తుందేమో వినండి.

దమ్ముల్లో తిరిగిన బండి కథ ఇంకోలా ఉంటుంది. ఇనుప చక్రాలు కట్టుకుని మోకాలి లోతు బురదలో నానిన బండి అది. సీళ్లలోంచి నీళ్లు లోపలికి పోతాయి. ముందు చక్రాల హబ్బులు, వెనక ఇరుసు, బ్రేకులు, క్లచ్ ఉండే గది, అన్నిట్లోకీ. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, పొద్దున్నే గేరుబాక్సు అడుగున ఉండే డ్రెయిన్ బోల్టును కొంచెం వదులు చేయించండి. నూనె కన్నా నీళ్లు బరువు కదా, అడుగున చేరతాయి. ముందు నీటి చుక్కలు వచ్చి తర్వాత ఆయిలు వస్తే, ఆ బండి బురద తాగిందని అర్థం. ఆయిలు పాల రంగులో ఉన్నా అంతే. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చిన బండ్లకు ఈ పరీక్ష మరిచిపోకండి. సముద్రం దగ్గరి ఊళ్ల బండ్లయితే రేకు అడుగున తుప్పు కూడా చూడండి.

మూడో రకం మోసం చేస్తుంది. టైర్లు కొత్తగా ఉంటాయి, పెయింటు బాగుంటుంది, రోడ్డు మీద తిరిగిన గుర్తే ఉండదు. కానీ సీజను సీజనంతా ఒకేచోట నిలబడి మొక్కజొన్న, కంది నూర్పిడి యంత్రాన్ని తిప్పిన బండి అది. చక్రం కదల్లేదు, ఇంజిను మాత్రం రోజంతా దుమ్ములో నడిచింది. దీనికి గుర్తు ఎక్కడుంటుంది? వెనక పీటీఓ షాఫ్టు మీద. యంత్రాలకు తిప్పుడు అందించే ఆ పళ్ల కడ్డీని వేలితో తడిమి చూడండి. పళ్లు పదునుగా, ఒక పక్కకు తిన్నట్టుగా ఉంటే చాలా తిరిగిందన్నమాట. ఎయిర్ ఫిల్టరు గిన్నె తెరిపించి చూడండి. అందులో ఆయిలు అడుగున మట్టి ముద్ద పేరుకుని ఉంటే, ఆ మట్టిలో కొంత ఇంజిను లోపలికి పోయి ఉంటుందనే అనుకోవాలి.

గంటల మీటరు చూస్తే చాలదా అంటారు. చూడండి, కానీ నమ్మకండి. చాలా పాత బండ్లలో ఆ మీటరు కేబుల్ తెగి ఏళ్లవుతుంది. కేబుల్ ఉన్నా, పాత రకం మీటరు ఇంజిను తిరిగే వేగాన్ని బట్టి గంటలు లెక్కేస్తుంది. నెమ్మదిగా నడిపితే గడియారంలో గంట అయినా మీటరు మీద అంత పడదు.

మరి మంచి బండి ఏది? ఒకే రైతు దగ్గర, తన చేనులో, గొర్రు, రోటావేటరు పనులు చేసిన బండి. మురికిగా ఉన్నా ఫర్వాలేదు. నిజం చెప్పాలంటే కొత్త పెయింటు వేసి మెరిపించిన బండి కన్నా కడగని బండి నాకు ఇష్టం. ఆయిలు ఎక్కడ కారుతోందో ఆ దుమ్మే చూపిస్తుంది.

బండిని చూడ్డానికి వెళ్లే ముందు రోజే ఫోన్లో ఒక మాట చెప్పండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దన్నా." ఇది ముఖ్యం. వేడి ఇంజిను తన జబ్బు దాచుకుంటుంది. చల్లటి ఇంజిను దాచలేదు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, వాళ్లు పొద్దున్నే ఒకసారి నడిపి ఉంచారన్నమాట. టీ తాగి, ఊళ్లో ఒక చుట్టు తిరిగి, చల్లారాక రండి.

చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీయించండి. వేడి మీద ఎప్పుడూ తీయకండి, ముఖం కాలుతుంది. నీళ్ల మీద ఆయిలు తెట్టు ఉందా? ఇంజిను ఆయిలు కడ్డీ తీసి చూడండి, పాలలా ఉందా? రెండింట్లో ఏది ఉన్నా హెడ్ గ్యాస్కెట్టో ఇంకా పెద్దదో పోయింది. నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు స్టార్ట్ చేయండి. మొదట కొంచెం తెల్ల పొగ వస్తుంది, అది మామూలే. అయిదు నిమిషాలైనా నీలం పొగ ఆగకపోతే బండి ఆయిలు తాగుతోంది. ఇంజిను నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టండి. పొగ బుసబుస వచ్చి చేతిని నెడుతుంటే, మెకానిక్కులు దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. బోరుకు వచ్చిందన్నమాట. బోరు పని అంటే చిన్న ఖర్చు కాదు. ఒకే సిలిండరున్న చిన్న బండికి కొంత తక్కువ, సిలిండర్లు ఎక్కువున్న బండికి ఎక్కువ. ఇదే మీరు ధర తగ్గించడానికి పట్టుకోవలసిన చోటు.

తర్వాత లిఫ్టు. రోటావేటరు తగిలించి పైకి లేపి, ఇంజిను ఆపేయండి. మాట్లాడుకుంటూ ఒక పది నిమిషాలు చూడండి. కొద్దిగా దిగితే సర్దుకోవచ్చు. మనం చూస్తుండగానే నేలకు ఆనిపోతే లిఫ్టు లోపల పని ఉంది. మనకు బెడ్డు ఎత్తు సరిగ్గా రావాలంటే లిఫ్టు పట్టు నిలవాలి, అందుకే దీన్ని వదలొద్దు. బ్రేకులు కుడి, ఎడమ విడివిడిగా నొక్కి చూడండి. గట్టు చివర బండిని చిన్న చోట తిప్పేది ఆ విడి బ్రేకులే. ఇవన్నీ యార్డులో చూసి సరిపెట్టకండి. చేనులో అరగంట రోటావేటరు తిప్పి చూపించమని అడగండి. దానికి ఒప్పుకోని వాడి బండికి బయానా ఇవ్వకండి.

ఇంకో మాట. మెకానిక్కును మీ వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు చూపించే మెకానిక్కు వద్దు, రేపు మీ బండి బాగుచేయబోయే మీ మండలం మెకానిక్కు కావాలి. ఆయన రోజు కూలీ ఆయనకు ఇవ్వండి. "బావా, నీ మాట మీదే కొంటున్నా" అని ఊరికే మొహమాటపెడితే పని కాదు. డబ్బు తీసుకున్న మనిషి బండి కిందికి దూరి చూస్తాడు.

ఏ కంపెనీది కొనాలి? దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ మండలం స్పేర్ పార్టుల షాపులో ఉంది. మీరు కొనబోయే మోడలుకు క్లచ్ ప్లేటు, లిఫ్టు సీళ్లు, సెల్ఫ్ మోటారు ఇక్కడ దొరుకుతాయా అని ఆ షాపులో అడగండి. దొరకవంటే, ఎంత చవకైనా వదిలేయండి. హెచ్ఎంటీ ట్రాక్టరు అంటే పాతకాలం వాళ్లకు ఇప్పటికీ ప్రేమే. గట్టి బండి, ఒప్పుకుంటాను. కానీ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి 2016లోనే కేంద్రం నిర్ణయం తీసుకుంది. పార్టు కోసం తిరిగే ఓపిక ఉన్నవాళ్లకే అది. ఒక సదుపాయం కూడా చెప్పాలి. 2023 జనవరి నుంచి వచ్చిన కొత్త పొగ నిబంధనలు 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు. మనం చూస్తున్న చిన్న బండ్ల ఇంజిన్లు పాత పద్ధతివే, కంప్యూటరు తగిలించకుండా ఊరి మెకానిక్కు విప్పగలిగినవి.

ధర దగ్గరికి వద్దాం. మృగశిర కార్తె ముందు బండ్ల ధర బిగుస్తుంది, తెలిసిందే. సీజను దాటాక, ఫైనాన్సు వాయిదా దగ్గర పడ్డప్పుడు అమ్మేవాళ్లు దిగొస్తారు. ఇంకొక సంగతి మీ చేతిలో ఉంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కు తగ్గింది. కొత్త దాని ధర దిగినప్పుడు పాత దానిది పాత ధరలోనే ఎలా ఉంటుంది? ఈ మాట అడగండి. గట్టిగానే అడగండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చాల్సి ఉంటే వాటి ఖర్చు షాపులో కనుక్కుని, ఆ మొత్తం బండి ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టండి.

పీటీఓ షాఫ్టు మీద మూత ఉందా లేదా కూడా చూడండి. పాత బండ్లలో చాలావాటికి ఉండదు. లేకపోతే ఇంటికి తెచ్చిన రోజే వేయించండి. నిమిషానికి 540 సార్లు తిరిగే కడ్డీ అది. లుంగీ అంచు, చీర కొంగు, తువ్వాలు, ఏది తగిలినా మనిషిని లాక్కుంటుంది.

ఇక కాగితాలు. ఆర్‌సీ అసలు కాపీ చూడండి, జిరాక్సు కాదు. ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో మీరే పోల్చండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫైనాన్సు ఉందా, ఇన్సూరెన్సు ఉందా తెలుస్తుంది. మీకు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని అడగండి. ఫైనాన్సు ఉంటే కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. అమ్మినాయన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇస్తాడు. చాలామంది ఆ కాగితాలు బీరువాలో పెట్టి మరిచిపోతారు. అలా చేయకండి. 30 రోజుల్లో ఆర్‌సీ మీ పేరున మార్పించడానికి దరఖాస్తు పెట్టాలి, ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లో తెలియజేయాలి. అమ్మేవాళ్లు కూడా వినండి. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్న వాళ్లనే యజమానిగా చూస్తామని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు మార్పు ఇద్దరికీ అవసరమే.

బండితో పాటు ట్రక్కు కూడా తీసుకుంటున్నారా? దానికి వేరే నంబరు, వేరే ఆర్‌సీ ఉంటాయి. బేరంలో ఆ కాగితాన్ని అందరూ మరిచిపోతారు. బయానా ఇచ్చే ముందే అడిగి తీసుకోండి.